నీళ్ళు చాలని నలుపు

మా బావ బతికుండగానే, అతని శవం మీద కప్పాల్సిన గొంగడికి నేను రంగు వేశాను. దొంగచాటుగా కాదు. అతను పందిట్లో మంచం మీద పడుకుని చూస్తూనే ఉన్నాడు. మొదటిసారి ఉడికించి పైకి తీశాక, "ఇదేం నలుపే, కడిగిన బొగ్గులా ఉంది. మళ్ళీ పెట్టు" అన్నాడు. మళ్ళీ పెట్టాను.

బావ అంటే నా భర్త. మా నాన్న అక్క కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచిన నోటికి పెళ్ళయ్యాక వేరే పిలుపు రాలేదు. అతని తల్లి నాకు ముందు మేనత్త, తర్వాత అత్తగారు. మాది జగ్గయ్యపేటకు కాస్త ఇవతల, సున్నపురాయి క్వారీలకూ సుబాబుల్ తోటలకూ మధ్య ఉన్న చిన్న ఊరు. ఇంటి వెనక దొడ్డి, దొడ్లో ఉన్ని గొర్రెలు. చుట్టుపక్కల మంద ఉన్న వాళ్ళంతా ఉన్ని లేని నెల్లూరు గొర్రెలకు మారిపోయారు. మాంసానికి వాటికే గిరాకీ, ఎండకు అవే తట్టుకుంటాయి, కత్తిరించే పనీ లేదు. మా ఇంట్లో మాత్రం పాత రకం నల్లవీ తెల్లవీ మిగిలిపోయాయి. మా అత్తకు ఉన్ని వడకడం తప్ప మరో పని ఇష్టం లేదు. బావకు తల్లి మాట కాదనడం ఇష్టం లేదు.

నేను నందిగామలో డిగ్రీ చదివి, కొన్నాళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పి, పెళ్ళయ్యాక తిరిగి గొర్రెల్లోకి వచ్చాను. తెల్ల ఉన్నికి రంగులు వేయడం మాత్రం బయట నేర్చుకుని వచ్చాను. మోదుగ పూలతో పసుపు, తుమ్మ బెరడుతో గోధుమ రంగు. దానిమ్మ తొక్కల కోసం నందిగామ బస్టాండు దగ్గర జ్యూసు బళ్ళ వాళ్ళకు ఖాళీ సంచులు ఇచ్చి, సాయంత్రం బస్సులో తెచ్చుకునేదాన్ని. రంగు వేసిన నూలుతో ఆసనాలు, చిన్న దుప్పట్లు నేయించి అమ్మేవాళ్ళం. మా అత్తకు ఇదంతా అసహ్యం.

"గొర్రె ఇచ్చిన రంగు చాల్లేదంట దీనికి. దేవుడికి తెలీని రంగులు దీనికి తెలిసినయ్" అని వచ్చిన ప్రతి మనిషికీ చెప్పేది.

వేసవిలో మా ఇంట్లో ఎవరూ ఖాళీగా ఉండరు. తెల్లారగట్ల పెంట ఎత్తాలి. ఉగాది వెళ్ళాక గొర్రెలను పాలేరు వాగు మడుగులో కడిగి ఉన్ని కత్తిరించాలి. కాళ్ళు కట్టి పడేస్తే అవి అరవవు, కళ్ళు మాత్రం తెరిచి ఉంచుతాయి. కత్తెర జారి చర్మం తెగిన చోట వేపనూనె రాయకపోతే ఈగ వాలి పురుగు పడుతుంది. పడిన పురుగును పుల్లతో తీయాలి. పచ్చిక ఉండదు కాబట్టి తుమ్మకాయలు ఏరుకు రావాలి, సుబాబుల్ రొట్ట కొట్టుకు రావాలి. వానలు పడకముందే నట్టల మందు పోయాలి, చిటుకు రోగానికి సూదులు వేయించాలి. తల్లి దగ్గరకు రానివ్వని పిల్లలకు సీసాతో పాలు పట్టాలి. కొన్ని పిల్లలు సీసా పట్టవు. వాటిని చివరి దాకా ఒళ్ళో పెట్టుకోవడం మా అత్తకు నచ్చేది కాదు. "చచ్చేదాన్ని కింద పెట్టు, బతికేదాన్ని ఎత్తు" అనేది. ఆ మాటలో తప్పు లేదు. ఆ మాట అనే గొంతే నాకు సహించేది కాదు.

ఆ ఏడు కత్తిరింపు సగంలో ఉండగా బావకు దగ్గులో రక్తం పడింది. విజయవాడ తీసుకెళ్ళాం. ఆసుపత్రిలో కొంతకాలం ఉంచుకుని, ఊపిరితిత్తుల్లో గడ్డ చాలా దూరం పాకిందని, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైంది పెట్టమని చెప్పారు. బావకు ఇష్టమైంది చుట్ట. అది పెట్టలేం.

మేం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మందను మా మరిది తోలుకెళ్ళాడు. అతను జగ్గయ్యపేటలో ఆటో నడుపుతాడు. అన్న కోసం బండి ఆపుకుని వచ్చాడు, అందులో అతన్ని అనడానికి లేదు. కానీ గొర్రెలు అతని మాట వినలేదు. ఊళ్ళో బోరు ఎండిపోయి, నీళ్ళకు క్వారీ గుంత దాకా నడిపించాలి. దారిలో రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు దాటాలి. మంద గుంపుగా ఒక మనిషి వెనక నడిస్తేనే దాటుతుంది. మరిది వెనక నడవలేదు. కొన్ని చెదిరి, మందు కొట్టిన మిరప చేలో పడి మేసి చచ్చాయి. ఒక చూడి గొర్రె లారీ కింద పడింది.

మేం తిరిగొచ్చేసరికి మిగిలినవి దొడ్లో నీళ్ళు లేక నాలుకలు బయటపెట్టి నిలబడి ఉన్నాయి. బావ ఆటో దిగి నడవలేకపోయాడు. నులక మంచం మీద పడుకోబెట్టాక, దండెం మీద ఉన్న తన గొంగడి చూపించి, "అది భుజాన వేసుకుని తడిక తీసి నుంచో" అన్నాడు.

వేసుకుని నుంచున్నాను. ముసలి పొట్టేలు ముందుగా వచ్చి గొంగడి అంచు వాసన చూసింది. దాని వెనక అన్నీ వచ్చాయి. క్వారీ గుంత దాకా ఒక్కటీ పక్కకు పోలేదు.

"వదిన్ని చూసి వచ్చినయ్యేంటి, గొంగడి చూసి వచ్చినయ్" అన్నాడు మరిది.

"నిన్ను చూస్తే కుక్క కూడా రాదు, నువ్వు మాట్టాడకు" అంది అత్త.

మరిది అన్నదే నిజం. ఆ గొంగడి బావ మొదటిసారి మంద వెంట వెళ్ళిన ఏడాది అత్త వడికిన నల్ల ఉన్నితో నేసింది. వాన, చెమట, గొర్రెల పాలు, చుట్ట పొగ, అన్నీ దానికి పట్టి ఉన్నాయి. గొర్రెకు మనిషి అంటే ఆ వాసనే.

సమస్య ఏమిటంటే, మా వాళ్ళలో మనిషి పోతే అతని గొంగడి అతనితోనే పోవాలి. అది నల్లగొర్రె ఉన్నిదై ఉండాలి, పుట్టుకతో వచ్చిన నలుపు. రంగు వేసింది పనికిరాదు. ఉన్ని వడికిన మనిషి బతికుంటే ఆ చేత్తోనే పాడె ఎత్తే ముందు కప్పాలి. అది లేకుండా పంపితే పోయినవాడు దారిలో చలికి వణుకుతూ ఉండిపోతాడని మా అత్త నమ్మకం. నమ్మకమని నేనంటాను. ఆమెకు అది తెలిసిన సంగతి, ఊళ్ళో బస్సు ఎన్నింటికో తెలిసినట్టు.

ఆమె ఆ సంగతి కొడుకు చెవిన పడేలాగే మాట్లాడేది.

"మంద తోలుకెళ్ళేటప్పుడు ఆ గొంగడి చింపమాకే. వాడికి కావాలి."

"ఇంకా ఉన్నానమ్మా" అనేవాడు బావ మంచం మీంచి.

"ఉన్నావులేరా. ఉన్నప్పుడే చూసుకోవాలి. పోయాక ఎవరు చూస్తారు, ఈవిడా? ఈవిడకి పుస్తకం కనపడితే పొయ్యి మీద కూర కనపడదు."

చావు గురించి నేను చాలానే చదివాను. చదివిన వాటిలో ఆఖరు రోజుల్లో మనుషులు మెత్తబడతారు, చెప్పాల్సింది చెప్పుకుంటారు. మా ఇంట్లో ఎవరూ మెత్తబడలేదు. చావబోయేవాడు కూడా.

ఒక పొద్దున అత్త గొంగళ్ళకు పెట్టే గంజి కోసం చింతగింజలు తేవడానికి బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు బావ నన్ను పిలిచాడు.

"గొంగడి నాతో పాటు పోతే మంద కబేళాకి పోద్ది. తమ్ముడు అప్పుడే ఎవరితోనో మాట్టాడుతున్నాడు, ఫోనులో విన్నా."

"అత్తకి చెబుదాం బావా."

"చెబితే ఆ రోజు నుంచీ దాని మీదే పడుకుంటది. నల్లదాన్ని వడికి నేయించేదాకా నేనుండను. నీ దగ్గర తెల్ల గొంగడి ఉందిగా, అమ్ముడుపోనిది. కొలత ఒకటే. దానికి నలుపు వెయ్."

నేను దండెం మీది గొంగడి వంక చూశాను.

"చచ్చేవాడికి ఏం కప్పితే ఏంటే. నాకేమన్నా తెలుస్తదా? నీకు గొర్రెలు కావాలా వద్దా, అది చెప్పు."

కావాలి. లేచి వెళ్ళి కరక్కాయలు దంచడం మొదలుపెట్టాను. అతనికి అదే జవాబు.

కరక్కాయ పొడి నానబెట్టి ఉడికించిన నీళ్ళు పసుపుగా ఉంటాయి. అందులో ఉన్నిని ఊరనిచ్చి, తర్వాత ఇనప నీళ్ళలో ముంచితే నలుపు పుడుతుంది. ఇనప నీళ్ళంటే తుప్పు పట్టిన మేకులు, లాడాలు, బెల్లం వేసి కుండలో చాలా రోజులు పులియబెట్టినవి. ఆ కుండ నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మూత తీసేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకోవాలి. పెళ్ళి వంటల గుండిగ ఒకటి పాతది కొనుక్కున్నాం, దాన్లో గొంగడి మొత్తం మునుగుతుంది. మంట ఎక్కువైతే ఉన్ని ముడుచుకుపోయి అట్ట కడుతుంది, కాబట్టి పక్కనే కూర్చుని పుల్లలు లాగుతూ ఉండాలి. నడివేసవిలో ఆ పొయ్యి దగ్గర కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పను. చెప్పినా ఏమీ మారదు.

వేసవిలో నేను రంగు కాయడం మామూలే కాబట్టి అత్తకు అనుమానం రాలేదు. కోపం మాత్రం వచ్చింది.

"మొగుడు మంచాన పడుంటే రంగులాట కావాల్సొచ్చింది" అంది పందిరి గుంజ పట్టుకుని.

"నేనే కాయమన్నానమ్మా" అన్నాడు బావ.

"నీకేం పనిరా రంగులతో?"

"పట్నం వాళ్ళు నలుపు అడిగారంట. వాళ్ళకి నలుపంటే మోజు." ఈ మాట అని అతను నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారి, దగ్గు ఆగేసరికి నేను గిన్నె పట్టుకోవాల్సి వచ్చింది. అత్త నా చేతుల వంక చూసింది. వేళ్ళు మణికట్టు దాకా నల్లబడి ఉన్నాయి.

"ఆ చేత్తో వాడి నోరు తుడవమాకు" అంది. తన కొంగుతో తుడిచింది.

అత్తకు రెండు కళ్ళలోనూ పొర. ఆపరేషన్ చేయిస్తానంటే, చూడాల్సింది ఏం మిగిలిందని ఒప్పుకోలేదు. నలుపూ తెలుపూ తెలుస్తాయి, ముఖాలు దగ్గరకొస్తే తెలుస్తాయి. మిగతాదంతా వేళ్ళతోనే. అందుకని బావకు ఇంకో ఆలోచన వచ్చింది. అసలు గొంగడి అంచును అత్త తన చేత్తో కుట్టింది. కొత్తదానికి అదే కుట్టు ఉండాలి. రంగు పట్టి ఆరాక సూది, దారం అడిగాడు.

"నేను కుడతాను, నువ్వు పడుకో" అన్నాను.

"నువ్వు కుడితే తిన్నగా వస్తది. మా అమ్మ కుట్టు మూల దగ్గర వంకర పోద్ది. అది లేకపోతే పట్టేస్తది."

మంచం మీద బోర్లా పడుకుని, అసలుదాన్ని పక్కన పెట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ కుట్టాడు. అత్త గుడికి వెళ్ళినప్పుడు కాసేపు, నిద్రపోయినప్పుడు కాసేపు. మధ్యలో దగ్గు వచ్చిన చోటల్లా కుట్టు వంకర పోయింది. "మరీ అంత వంకర వద్దు బావా" అన్నాను. "ముసలిది ఏడుస్తా కప్పుద్ది, అప్పుడేం లెక్క చూస్తది" అన్నాడు.

మిగిలింది జాడింపు. ఇనప నలుపు వేసిన ఉన్నిని నీళ్ళు తేటగా దిగే వరకూ జాడించాలి. మామూలుగా నేను ఆ పని పాలేటి ఒడ్డున చేసుకుంటాను. ఆ ఏడు మడుగు కూడా బురదైంది. నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది, ఇంటికి ఇన్ని డ్రమ్ములని. గుంత దాకా నడవలేని చూడి గొర్రెలకూ పిల్లలకూ ఆ నీళ్ళే. మొదటి జాడింపు నీళ్ళు సిరాలా దిగాయి. రెండోసారీ అంతే. మూడోసారి కొంచెం పలచబడ్డాయి. నాలుగో డ్రమ్ము వైపు వెళ్తుంటే బావ మంచం మీంచే ఆపాడు.

"చాల్లే. అవి గొర్రెలకి పొయ్యి."

"ఇంకా దిగుతుంది బావా."

"దిగితే దిగనీ. నేనేమన్నా వానలో తడవబోతున్నానా?"

దొడ్లో చూడి గొర్రెలు డ్రమ్ము చప్పుడుకు తడిక మీదకు ఎగబడుతున్నాయి. ఆ నీళ్ళు వాటికే పోశాను. గొంగడి ఆరేసి, మడిచి, నా పెట్టెలో పెట్టాను.

అతను ఒక వడగాలి రోజు మధ్యాహ్నం పోయాడు. ఆఖరుగా అడిగింది ట్యాంకరు వచ్చిందా అని. రాలేదని చెప్పాను. డ్రైవర్ను ఒక బూతు తిట్టి కళ్ళు మూసుకున్నాడు. నిద్ర అనుకున్నాను.

ఎండల రోజులు, శవాన్ని ఉంచడానికి లేదు. మరిది మనుషుల్ని పోగుచేశాడు. సాయంత్రానికల్లా వాకిట్లో బల్ల వేసి స్నానం చేయించారు. నేను అసలుదాన్ని పెట్టెలో దాచి, రంగు గొంగడి తెచ్చి అత్త చేతుల్లో పెట్టాను. ఆమె దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. వాసన చూస్తుందని నాకు తెలుసు, అందుకే ముందు రాత్రులు దాన్ని బావ దుప్పటి కింద పరిచి ఉంచాను. అంచు తడిమింది. మూల దగ్గర వేళ్ళు ఆగాయి. అక్కడే కాసేపు ఉన్నాయి. తర్వాత ఏడుస్తూ కొడుకు మీద కప్పింది, మెడ దగ్గర నుంచి పాదాల దాకా, రెండు చేతులతో నొక్కి నొక్కి సర్దింది.

మా వాళ్ళలో స్నానం చేయించాక ఒళ్ళు తుడవరు. తడి ఒంటి మీదే కప్పాలి. ఆ సంగతి బావకు తెలుసు, నాకు తెలుసు. వాన గురించి ఆలోచించాం గానీ ఈ నీళ్ళ గురించి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

నలుపు దిగడం మొదలైంది. ముందు బల్ల అంచు మీద కారింది. తర్వాత అతని తెల్ల పంచె మీద. అత్త చేతులు తీసేసరికి రెండు అరచేతులూ నల్లగా ఉన్నాయి. ఆమె వాటిని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేంది వదినా?" అన్నాడు మరిది.

వాకిలి నిండా గొర్రెలు కాసే వాళ్ళే. నల్లగొర్రె ఉన్ని ఎంత తడిసినా రంగు దిగదని వాళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక ముసలాయన నా చేతుల వంక చూశాడు. ఆయన్ని చూసి పక్కనున్నావిడ చూసింది. నేను చేతులు కొంగులో దాచుకోలేదు. అప్పటికి ఆలస్యమైంది.

"ఏంటిరా చూస్తన్నావ్" అంది అత్త. "వాడి మసి. బతికినన్నాళ్ళూ తాగిన చుట్ట మసి. ఎత్తండి."

ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు. పాడె ఎత్తారు. దారి పొడుగునా మట్టి మీద నల్ల చుక్కలు పడ్డాయని తర్వాత తెలిసింది. మా ఊళ్ళో ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు, నేను లేననుకున్నప్పుడు.

మర్నాడు తెల్లారింది. మైల ఇంట్లోంచి నేను బయటకు వెళ్ళకూడదు. దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. మరిది బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇంకాసేపట్లో బేరగాడు వస్తాడని అతను కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. అత్త నా పెట్టె దగ్గరకు వెళ్ళింది. అడగలేదు, వెతకలేదు. మూత తీసి, బట్టల అడుగు నుంచి అసలు గొంగడి లాగి, నా కాళ్ళ దగ్గర పడేసింది.

"కప్పుకుని పో" అంది.

"అత్తా, మైల..."

"మైల నీకుందా? నా కొడుకుని చలికి పంపి, దీన్ని గొర్రెలకి దాచినదానివి, నీకు మైలేంటే. పో. ఒక్కటి దాహానికి చచ్చినా నీ మొహం చూడను."

మరిది లేచి, "అమ్మా, ఇప్పుడు మనిషొస్తున్నాడు, మాటైపోయింది" అన్నాడు.

"వస్తే నిన్ను తోలుకుపొమ్మను" అంది.

తడిక తీసి నుంచున్నాను. ముసలి పొట్టేలు వచ్చి అంచు వాసన చూసింది. మంద కదిలింది. లారీల రోడ్డు దగ్గర నేను చెయ్యి ఎత్తితే అన్నీ ఆగాయి, నడిస్తే నడిచాయి. ఒక్క గొర్రె కూడా నా ముఖం వంక చూడలేదు. క్వారీ గుంత దగ్గర అవి తాగుతున్నంతసేపూ నేను చేతులు కడుక్కున్నాను. నలుపు పోలేదు. గోళ్ళ కింద చాలాకాలం ఉంది. ఇంట్లో అత్త గోళ్ళ కింద కూడా ఉంది. ఆమె అన్నం కలుపుకుంటున్నప్పుడు ఇద్దరం ఆ వేళ్ళు చూసేవాళ్ళం.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు. నా చేతి కూడు తింటుంది, ఉప్పు చాలదంటుంది. చలికాలంలో మాత్రం తను దుప్పటి కప్పుకోదు. ఎందుకని అడిగిన వాళ్ళకు "మా ఇంట్లో ఒకడు కప్పుకోను లేకుండా ఉన్నాడు" అని, నా వైపు తిరిగి ఆగుతుంది. నేను రాత్రి ఆమె నిద్రపోయాక కప్పుతాను. తెల్లారేసరికి తీసి కింద పడేసి ఉంటుంది.

మంద ఉంది. ఈ ఏడాది గొర్రెపిల్లలు బాగానే నిలిచాయి. ఉగాది వెళ్ళాక ఉన్ని కత్తిరించి, పాలేటి ఒడ్డున పొయ్యి రాళ్ళు పెట్టి, గుండిగ దించాను. కరక్కాయలు దంచుతుంటే ఆ చప్పుడు విని గట్టు మీద కూర్చున్న అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ముక్కు ఎగబీల్చి, ఏ రంగో కనిపెట్టింది.

"ఈసారి ఎవరికే?" అంది.

రోకలి ఆపకుండానే, "మీకే అత్తా" అన్నాను.

ఆమె నీళ్ళ వైపు తిరిగి నిలబడింది. మడుగులో ఎంత నీరుందో ఆమెకు కనపడదు. గొర్రెలు దిగిన చప్పుడును బట్టి చూసుకుంటోంది.

"అయితే బాగా జాడించు" అంది.